ఎడమ పక్క పగులు

ఫిబ్రవరి 11

ఇంట్లో అరవకూడదట. అంతగా అరవాలనిపిస్తే రాసుకోవాలట. ఇది మా ఆయన గిరిబాబు పెట్టిన రూలు. బళ్లో రోజంతా పిల్లల మీద గొంతు చించుకుని వచ్చే మనిషికి ఇంట్లో మాత్రం ప్రశాంతత కావాలి. ఎవరో విత్తనాల కంపెనీ వాళ్లిచ్చిన డైరీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ప్రతి పేజీ అడుగున రైతులకు ఒక సలహా అచ్చేసి ఉంది. ఇవాళ్టి సలహా, నారు ముదరనివ్వకండి. అలాగే, ముదరనివ్వను.

పాళెం వాళ్ల బండి ఛాసీ పగిలింది. ఇచ్చి ఎనిమిది రోజులు కాలేదు.

ఎలా పగులుతుంది? బండికి ఛాసీ అంటే మనిషికి వెన్నెముక. ఇంజను, చక్రాలు, మోసే బరువు, అన్నీ దాని మీదే. చెన్నై పక్కన లారీలు చేసే ఫ్యాక్టరీలో పదకొండేళ్లు ఛాసీలతోనే కాపురం చేశాను. వేరేవాళ్లు గీసిన డ్రాయింగుల్లో తప్పులు పట్టడం అక్కడ నా ఉద్యోగం. కోవూరు తిరిగొచ్చి సొంత షెడ్డు పెట్టాక ఆరేళ్లుగా గేట్లు, ట్రాక్టరు ట్రక్కులు చేస్తున్నాను. మొత్తం నా చేత్తో నేనే గీసిన మొదటి మోటారు బండి ఇది. రెండు పొడుగు ఇనుప చానళ్లు, వాటిని కలుపుతూ ఐదు అడ్డ చానళ్లు, నిచ్చెన మాదిరి. టన్నున్నర బరువు వేసి కంప్యూటర్లో పరీక్ష చేశాను. మూడు టన్నులు వేసి చేశాను. విరిగే చోట చూపించే ఎర్ర రంగు ఎక్కడా రాలేదు. కంప్యూటర్లో పగలనిది పాళెంలో పగిలిందంటే తప్పు పాళెంలో ఉన్నట్టే కదా.

ఊరి పెద్ద పోలేరయ్య ఫోన్ చేశాడు. "ఏందమ్మా, గట్టి బండి అంటివే. డెబ్బై ఏళ్లోణ్ణి, నా నడుమే ఇంకా నిలబడి ఉండాది. నీ బండి నడుము ఇరిగిపోయిందే!"

వాకాడు అవతల సముద్రపు ఒడ్డు నుంచి ఇంత దూరం వచ్చి, "రేవు నించి తారు రోడ్డుకి కిలోమీటరున్నర ఇసకమ్మా, ఆటోలు దిగబడిపోతా ఉండాయి, ఆడోళ్లు చేపల గంపలు నెత్తిన మోయలేక చస్తా ఉండారు, ఇసకలో పోయే బండి ఒకటి చేసిపెట్టమ్మా" అని నా షెడ్డులో గంటసేపు కూర్చుని బతిమాలింది ఈయనే. ఇప్పుడు నడుముల గురించి మాట్లాడుతున్నాడు.

ఫిబ్రవరి 13

బండిని లారీకెక్కించి షెడ్డుకు తెప్పించాను. ఎడమ పొడుగు చానల్‌కు మూడో అడ్డ చానల్ కలిసే చోట జానెడు పగులు.

మా వెల్డరు, సమాధానం అన్న, ఆ పగులు ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. షెడ్డు తెరిచిన రోజు నుంచి నా వెల్డరు ఆయనే. నా గేట్లు, నా ట్రక్కులు ఇన్నాళ్లు విరగకుండా ఉన్నాయంటే ఆయన చేయి. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు.

"అతుకు అట్టనే ఉండాది వాణమ్మా. దాని పక్కన ఇనుము చినిగింది, చూడు."

"అతుకు పక్కన చినిగినా అతుకు లెక్కే అన్నా. వేడి ఎక్కువ పెట్టుంటావు."

"నేనెప్పుడన్నా ఎక్కువ పెట్టినానా అమ్మా?"

పెట్టలేదు. కానీ ప్రతిదానికీ ఒక మొదటిసారి ఉంటుంది. అదీగాక డ్రైవరు పెంచల్ బండి ఎలా నడుపుతాడో నాకు తెలుసు. ఇద్దరు పిల్లల తండ్రి, స్టీరింగు పట్టుకుంటే తిరునాళ్లలో గుర్రబ్బొమ్మ ఎక్కినట్టు చేస్తాడు. తప్పు వాడిదే అయ్యుండాలి.

ఫిబ్రవరి 15

పగిలిన చోట ఎనిమిది మిల్లీమీటర్ల పలక అతికించమన్నాను. సమాధానం అన్న తల గోక్కున్నాడు.

"ప్యాచీ ఏస్తే ప్యాచీ అంచున చినుగుద్దమ్మా. పాత చొక్కా చూళ్లా?"

చొక్కాలు కుట్టేవాళ్లను అడిగి ఛాసీలు చేసే రోజులొచ్చాయి. పలక కొలతలు ఇచ్చాను. ఆయన వేశాడు. అతుకు నున్నగా, సమంగా, ఎప్పటిలాగే ఉంది.

ఫిబ్రవరి 20

పాళెంలో ఇసుక మూటలతో పరీక్ష. నేనే దగ్గరుండి ఎడమ పదిహేను, కుడి పదిహేను పేర్పించాను. రేవు నుంచి రోడ్డుకు, రోడ్డు నుంచి రేవుకు ఆరుసార్లు తిప్పించాను. చీమంత పగులు లేదు.

చేపలమ్మే పిచ్చమ్మక్క నడుం మీద చేతులేసుకుని చూస్తూ నిలబడింది. "మూటల్ని బలే ముద్దుగా పేర్చినావే తల్లీ" అని పక్కన వాళ్లతో నవ్వింది. ఎందుకు నవ్విందో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

ఫిబ్రవరి 21

తప్పు పెంచల్‌దే అని తేలిపోయింది. నిన్న నేనుండగా నెమ్మదిగా నడిపాడు, ఏమీ కాలేదు.

మార్చి 4

మళ్లీ పగిలింది. పలక అంచున.

మార్చి 5

పాళెం వెళ్లాం, నేను, సమాధానం అన్న. బండి రేవులో ఒక పక్కకు కూలబడి ఉంది. చుట్టూ నలభై మంది. ఆడవాళ్లు, మగవాళ్లు, వల అల్లే ముసలివాళ్లు. పోలేరయ్య అందరి ముందు అడిగాడు.

"తప్పు ఎవురిదమ్మా? ఇసకదా, సముద్రానిదా, పెంచల్‌దా? మా వోడు అన్నం మానేసినాడు, తప్పు తన మీద పెడతారని."

పెంచల్ నిజంగానే అక్కడ ముడుచుకుని నిలబడి ఉన్నాడు. నలభై మొహాలు నా వైపు.

వెల్డింగ్ లోపం అని చెప్పాను. మనిషిని మారుస్తామని చెప్పాను.

అది సాంకేతికంగా అబద్ధం కాదు. పగులు అతుకు దగ్గరే వచ్చింది. అతుకు దగ్గర వచ్చిన పగులును వెల్డింగ్ లోపం అని అనవచ్చు. ఏ పుస్తకం తీసినా అలాగే రాసి ఉంటుంది. సమాధానం అన్న నా పక్కనే వెల్డింగ్ కేబులు చుట్టుకుంటూ ఉన్నాడు. చుట్టడం ఆపలేదు.

తిరిగొచ్చేటప్పుడు ముందు సీట్లో కూర్చోలేదు. వెనక సామాన్ల దగ్గర కూర్చున్నాడు. గాలి బాగుంటుందేమో.

మార్చి 6

సమాధానం అన్న రాలేదు. జ్వరమేమో.

మార్చి 7

రాలేదు.

మార్చి 9

పొద్దున్నే, నేను రాకముందే వచ్చి తన కళ్లద్దాలు, తోలు చేతొడుగులు తీసుకుపోయాడట. నేను పంపించలేదు. ఆయనే పోయాడు. ఇది స్పష్టంగా రాసి పెట్టుకోవాలి. నేను పంపించలేదు.

మార్చి 12

నెల్లూరు నుంచి శివశంకర్ అనే వెల్డరును తెచ్చాను. సర్టిఫికెట్టు ఉంది, దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతాడు. ఈసారి అతుకులూ ప్యాచీలూ కాదు, కొత్త ఛాసీయే. ఇంకా మందం చానళ్లు. ఏనుగెక్కినా కదలదు.

మార్చి 16

గిరి సాయంత్రం ఒక వార్త మోసుకొచ్చాడు. సమాధానం అన్న మూడు షెడ్లలో పని అడిగాడట. ఒకచోట, "పాళెం బండి పగలగొట్టినోడివి నువ్వే గదా" అన్నారట.

"వాళ్లన్నదానికి నేనేం చేయాలి?" అన్నాను.

"నేనేమన్నా అన్నానా?" అన్నాడు గిరి. ఈయన ఏమీ అనకుండానే చాలా అంటాడు.

మార్చి 24

పగిలింది. పాళెం పంపిన నాలుగు రోజులకే, ఏనుగెక్కకుండానే. ఎడమ పక్క, మూడో అడ్డ చానల్ దగ్గర.

సర్టిఫికెట్టు ఉన్నవాడు కూడా సమాధానం అన్న చేసిన తప్పే, అదే చోట, అదే వైపు చేశాడన్న మాట. కాకతాళీయం. అసంభవమేమీ కాదు.

మార్చి 25

అసంభవమే.

మార్చి 27

ఇన్నాళ్లు పాళేనికి ఎప్పుడు వెళ్లినా నేను చేరేసరికి పది దాటేది. అప్పటికి రేవు ఖాళీ, బండి మూలన. మొన్న పగిలిన చోటు ఎలాగోలా కట్టించి ఒక్కరోజు నడపమన్నాను, పని జరిగేటప్పుడు నా కళ్లతో చూద్దామని. సాయంత్రమే వెళ్లి పిచ్చమ్మక్క ఇంట్లో పడుకుని, తెల్లారేసరికి రేవులో ఉన్నాను.

బోట్లు ఒక్కొక్కటి ఒడ్డెక్కుతున్నాయి. ఉత్తర వీధి వాళ్లవి పంతొమ్మిది, దక్షిణ వీధి వాళ్లవి ఆరు. గంపలు బండికెక్కించడం మొదలుపెట్టారు. ఎడమ పక్క ఒక వరస, దాని మీద రెండో వరస, దాని మీద మూడోది. మనిషి ఎక్కి తొక్కి, తాడు బిగించి, నాలుగో వరస. కుడి పక్క గంపలు పద్నాలుగు. లెక్కపెట్టాను. మిగిలిన చోటులో ఒక తాత కాళ్లు బారజాపుకుని బీడీ కాలుస్తున్నాడు.

మొదట నేను చూస్తున్నది నాకు అర్థం కాలేదు. తరువాత అరిచాను.

"అక్కా! అంతా ఆ పక్కే ఎందుకేస్తా ఉండారు? కుడి పక్క ఖాళీగా ఉండాది గదా!"

"ఎడం పక్క ఉత్తర వీధిది తల్లీ. కుడి పక్క దక్షిణ వీధోళ్లది" అంది పిచ్చమ్మక్క, సూర్యుడు తూర్పున పొడుస్తాడని చెప్పినంత మామూలుగా.

"ఎవురు చెప్పినారట్టా?"

"ఎవురో చెప్పేదేంది? బండి ఊరిది. ఊరికి రెండు వీధులు. చెరి సగం. అమ్మోరి పల్లకీ అయినా అంతే, ఎడం కొమ్ము మాది, కుడి కొమ్ము వాళ్లది."

ఏడేళ్ల కిందట ఒకే ఆటోలో రెండు వీధుల గంపలు కలిపి వేశారట. ఒక వంజరం చేపల గంప మారిపోయిందట. ఆ పూట రెండు తలకాయలు పగిలి, రెండేళ్లు ఈ వీధి వాళ్లు ఆ వీధి వాళ్ల పెళ్లిళ్లకు పోలేదట. అప్పుడు పెద్దలు కట్టుబాటు పెట్టారు. ఊరుమ్మడి వస్తువు ఏదైనా నడిమధ్యన గీత. గీత ఇవతలిది అవతలికి పోకూడదు.

బండి కదిలింది. ఎడమ చక్రాలు ఇసుకలోకి దిగాయి, వెనక కుడి చక్రం లేచి లేచి పడుతోంది. ముందు సగం ఒక వైపుకు, వెనక సగం ఇంకో వైపుకు. నా ఛాసీ తడిబట్ట పిండినట్టు మెలి తిరుగుతోంది. తాత మాత్రం హాయిగా కూర్చున్నాడు.

"ఈ మాట నాకెందుకు చెప్పలా?" అన్నాను.

"నువ్వు అడగలా" అంది పిచ్చమ్మక్క. "ఆ పొద్దు ఇసక మూటలు రెండు పక్కలా సమానంగా పేరిస్తే, చదువుకున్నోళ్లు, ఏదో లెక్క ఉంటాది లెమ్మనుకున్నా."

పోలేరయ్యను పట్టుకుని, గంపలు రెండు వైపులా సర్ది వేయండి, రంగుతాళ్లు కట్టుకోండి, చీటీలు కట్టుకోండి, ఏదన్నా చేయండని మొత్తుకున్నాను. ఆయన అంతా విని, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఇనుము మార్చమ్మా, మారుద్ది. మా ఊరిని మార్చే పని పెట్టుకోబాక. ఈ మాత్రం కుదురుకోడానికే రెండు తలకాయలు పట్టినాయి."

ఇంటికొచ్చేదాకా దారి పొడుగునా మనసులో ఒకటే పోట్లాట. బండి బీడీ తాత కూర్చోవడానికి చేశానా? అడగలేదట! ఒక ట్రిప్పుకు నూట ఇరవై గంపలు అని మొదట్లో వాళ్లంటే, నూట ఇరవైని రెండుతో భాగిస్తే అరవై అని అడగకుండానే ఎవరికైనా తెలుస్తుంది కదా. తెలియదా?

మార్చి 28

బరువంతా ఎడమ పక్క వేసి కంప్యూటర్లో చూశాను. ఎడమ పొడుగు చానల్, మూడో అడ్డ చానల్. పండు మిరపకాయంత ఎరుపు.

వంగకుండా గట్టిగా చేశాను, మెలి తిరగకుండా చేయలేదు. మూత లేని అట్టపెట్టెను బరువు పెట్టి వంచబోతే ఆగుతుంది, రెండు చివరలు పట్టి మెలిపెడితే ఊరికే లొంగుతుంది. మూత అంటించి మెలిపెట్టి చూస్తే తెలుస్తుంది తేడా. చానళ్లు మూడు వైపులా మూసి ఒక వైపు తెరిచి ఉంటాయి. వాటిని నాలుగో వైపు కూడా మూసేయాలి, అడ్డంగా గుండ్రటి పైపులు వేయాలి. మొదటి సంవత్సరం పిల్లలకు చెప్పే పాఠం. మందం పెంచుకుంటూ పోవడం వల్ల పగులు ఇంకో అంగుళం పక్కకు జరిగింది, అంతే. ప్యాచీ అంచున.

ఎంత బరువు అని అడిగాను. ఎలా వేస్తారు అని అడగలేదు.

మార్చి 29

సమాధానం అన్నకు చెప్పాలి. సోమవారం వెళ్తాను.

ఏప్రిల్ 1

సోమవారం కుదరలేదు. కరెంటు వాళ్లు వచ్చారు.

ఏప్రిల్ 4

ముందు కొత్త డ్రాయింగు పూర్తి చేసి, అది చేతిలో పట్టుకుని వెళితే మర్యాదగా ఉంటుంది.

ఏప్రిల్ 10

డ్రాయింగు పూర్తయింది. బాగా వచ్చింది. చాలా బాగా వచ్చింది.

గిరి అన్నాడు, "తప్పు కనుక్కోడానికి నలభై ఐదు రోజులు పట్టింది. చెప్పడానికి ఎన్ని రోజులో రాసి పెట్టుకో, డైరీ ఉంది కదా." ఈ డైరీ తెచ్చిచ్చినవాడే దీనికి శత్రువు.

ఏప్రిల్ 16

వేట నిషేధం మొదలైంది. జూన్ సగం దాకా బోట్లు ఒడ్డునే. పాళేనికి బండితో ఇప్పుడు తొందర లేదు. కాబట్టి దేనికీ తొందర లేదు.

ఏప్రిల్ 23

వెళ్లాను.

ఆరేళ్లలో ఆయన ఇల్లు చూడటం ఇదే మొదలు. షెడ్డుకు రెండు కిలోమీటర్లు కూడా లేదు. చర్చి వెనక సందులో రెండు గదుల ఇల్లు. వాళ్లావిడ కుర్చీ తుడిచి వేసి, మంచినీళ్లు తెచ్చి, నేను తాగుతానో లేదో అన్నట్టు చూసింది. గడగడా తాగేశాను. ఆ చూపుకు కూడా నాకు కోపం వచ్చింది. ఆరేళ్లుగా రాని మనిషిని అలా కాక ఎలా చూస్తుందని తరువాత తోచింది.

సమాధానం అన్న వాకిట్లో ఎవరి కిటికీకో ఊచలు అతుకుతున్నాడు. పని ఆపి వచ్చి, గోడకానుకుని నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. వీధులు, గంపలు, మెలి, అన్నీ చెప్పాను. డ్రాయింగు పరిచి చూపించాను. తప్పు నాదేనన్నా, నీ అతుకుది కాదు అన్నాను. అంతా విన్నాడు.

"ఇది నాకెందుకు చెప్తా ఉండావు వాణమ్మా? నా అతుకు సంగతి నాకు తెలవదా?"

"మరి..."

"తెలవనోళ్లకి చెప్పు. నలభై మంది ముందర అన్నావు. నా ఇంట్లో కూచోని, నా ఒక్కడి ముందర తీసేస్తానంటే ఎట్టా?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ నాలుగు అని ఉండేదాన్ని.

ఇంటికి వెళ్లాను కదా. నోరు విడిచి చెప్పాను కదా. ఇంకేం చేయాలట? ఊళ్లో టముకు వేయించాలా?

ఏప్రిల్ 24

అవును, అదే చేయాలంటున్నాడు.

మే 2

నిజం రాస్తాను. భయం. కోవూరులో షెడ్డు పెడితే, ఆడమనిషికి ఇనుముతో పనేంటని నవ్విన ఊరు ఇది. ఛాసీ డ్రాయింగే తప్పు గీసిందట అని ఒక్కసారి బయటికి పోతే, రేపటి నుంచి కోళ్లగూడు చేయించుకోవడానికి కూడా రారు. వెల్డరు తప్పు చేస్తే వెల్డరు మారతాడు. గీసినదాన్నే తప్పు గీస్తే షెడ్డుకు తాళం.

ఆయనకు మాత్రం తాళం పడలేదా అంటే, పడింది. నేనే వేశాను. తెలుసు.

మే 6

చిట్టమూరు వైపు నుంచి ఒక షెడ్డు యజమాని ఫోన్. "ఆ సమాధానం మా దగ్గర పనడిగినాడు మేడం. ఎట్టాంటోడు? పని రాదంట గదా, మీరే అన్నారంట?"

మంచి మనిషి అన్నాను.

"మనిషి సంగతి కాదు మేడం, అతుకు సంగతి చెప్పండి."

సిగ్నల్ సరిగా లేదన్నాను. పెట్టేశాను.

సిగ్నల్ నాలుగు గీతలు ఉంది.

మే 7

నిన్న రాసింది చదువుకున్నాను. చింపేద్దామనుకున్నాను. చింపినంత మాత్రాన ఆ ఫోన్ రాకుండా పోదు. ఎల్లుండి పాళెం పోతున్నాను. గిరి తోడొస్తానన్నాడు, వద్దన్నాను.

మే 9

నిషేధం రోజులు గనక అందరూ ఒడ్డునే ఉన్నారు, బోట్ల నీడన వలలు బాగుచేసుకుంటూ. నలభై కాదు, వందకు పైనే. ఆ రోజు ఉన్నవాళ్లను మాత్రమే పిలవమని అడగలేను కదా.

పోలేరయ్యకు చెబితే ఆయన ఒక్క కేక వేశాడు. చేతుల్లోని వలలు అలాగే పట్టుకుని వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఏం చెప్పాలో కారులో పదిసార్లు వల్లించుకున్నాను, ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"మార్చిలో ఈడే నిలబడి, వెల్డింగు తప్పని చెప్పినా. కాదు. సమాధానం అన్న అతుకు ఒక్కటి కూడా ఊడలేదు. గీసింది నేను, తప్పు నాది. ఆ పొద్దే నాకు అనుమానం ఉండింది. మీ ముందర పరువు పోతాదని ఆయన మీద పెట్టినా."

తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

పిచ్చమ్మక్క అంది, "మేం నమ్మినాం గదా తల్లీ. ఆయన మా ఊరి చర్చికి ఇనప తలుపులు చేస్తానని వస్తే, నువ్వు చేసింది మాకొద్దులే పో అని పంపించేసినాం. నువ్వు చెప్పినావనే గదా."

అది నాకు తెలియదు. నిలబడ్డ చోటు నుంచి కదలలేకపోయాను. పోలేరయ్య వచ్చి, "ఎండలో నిలబడబాక, ఇట్టా రా" అని బోటు నీడకు తీసుకెళ్లాడు.

"బండి ఎవురు చేస్తారమ్మా ఇప్పుడు?" అని అడిగాడు.

"నేనే..." అన్నాను.

"ఆయన చేస్తేనే మేం ఎక్కిస్తాం గంపలు. నువ్వు గీసుకో, చేసుకో, ఆయన చెయ్యి పడాల." ఇది మొత్తం ఊరు ఒప్పుకున్న మాట. రెండు వీధులూ తలూపాయి. దేనికీ ఒకటి కాని వీధులు దీనికి ఒకటయ్యాయి.

మే 12

సమాధానం అన్న షెడ్డుకు వచ్చాడు. పెంచల్ ఫోన్ చేసి మొత్తం చెప్పాడట. వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆరేళ్లలో నేను నిలబడి ఆయన కూర్చోవడం ఇదే మొదలు.

"చేస్తా వాణమ్మా. ఒక మాట. పాళెం బండితోనే నా పేరు చెడింది, పాళెం బండితోనే బాగుపడాల. ఎవురడిగినా ఇది సమాధానం చేసిన బండి. నీ పేరు ఎత్తబాక."

నా మొదటి బండి! నెలల తరబడి తల పగలగొట్టుకుని గీసింది నేను. మెలి ఎక్కడ పడుతుందో కనిపెట్టింది నేను. డ్రాయింగులో ప్రతి గీతా నాది. చాలా చెప్పాలనుకున్నాను.

"సరే అన్నా" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు, అంత చప్పగా ఉంది.

మే 30

ఆయన చానళ్లు మూసుకుంటూ వస్తున్నాడు. బారెడు బారెడు అతుకులు. ఉప్పునీళ్లు లోపల నిలబడితే తుప్పు పడుతుందని అడుగున రెండు కంతలు పెట్టమన్నాడు, అవి నా డ్రాయింగులో లేవు. మూలన కాదు, మధ్యలో పెడదామన్నాను. మధ్యలో కాదమ్మా, నీళ్లు పల్లానికి పోతాయి అన్నాడు. గంట వాదించుకున్నాం. పల్లానికే పెట్టాం. చిరాకే, కానీ మార్చి నుంచి ఇప్పటి దాకా ఇంత సుఖంగా ఎవరితోనూ పోట్లాడలేదు.

జూన్ 16

బండి రేవులో దిగింది. తాత కుడి పక్కన తన చోటులో కూర్చున్నాడు.

జూన్ 25

తొమ్మిది రోజులు. పగల్లేదు.

జులై 8

మూడు వారాలు దాటింది. ఇవాళ ఇద్దరం తెల్లవారే వెళ్లి, బండి కింద పడుకుని టార్చితో ప్రతి మూలా చూశాం. వెంట్రుకంత గీత కూడా లేదు. ఎడమ పక్క నాలుగు వరసల గంపలతో ఇసుకలో కదులుతుంటే, ఛాసీ నిటారుగా, మొండిగా, ఎవరి మాటా విననట్టు పోతోంది. నాకు ఏడుపొచ్చింది. ఎంత అందంగా ఉందో. ఎవరికి చెప్పుకోను.

పక్క పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చి బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వంగి అడుగున చూశాడు, చానల్ మీద వేళ్లతో కొట్టి చప్పుడు విన్నాడు. సమాధానం అన్న అవతల చేతులు కడుక్కుంటున్నాడు, నేనే దగ్గర ఉన్నాను.

"బలే గట్టిగా ఉండాదమ్మా. మాకూ ఒకటి కావాల. ఎవురు చేసినారు?"

నోటి దాకా వచ్చింది. నేనే అని. రెండక్షరాలు.

"సమాధానం అన్న" అన్నాను.

"మరి నువ్వు?"

"ఆయన కాడ గీతలు గీస్తా."

ఆయన నన్ను పై నుంచి కింది దాకా ఒకసారి చూసి, మళ్లీ బండి వైపు తిరిగాడు. "అట్టయితే ఆయన్ని పిలువమ్మా. పని తెలిసినోడితో మాట్లాడాల."

వెళ్లి పిలుచుకొచ్చాను.